ఐదు రోజులు సక్కగ నడిచిండు: ఎ-టి జబ్బు పిల్లలకు మందుల ట్రయల్స్ ఎట్ల జరుగుతయి

పోయిన వానకాలం మా అక్క ఫోన్ చేసింది, మర్రిగూడ దిక్కు ఊరు వాళ్ళది, గొంతుల ఏడుపో సంతోషమో తెల్వలే. "తమ్మీ, పిల్లగాడు ఇయ్యాల స్టీలు గ్లాసు ఒక్క చేత్తోని పట్టుకొని నీళ్ళు తాగిండ్రా, కింద సుక్క పడలే" అన్నది. వేరే ఇంట్ల అయితే ఇది చెప్పుకునే ముచ్చటే కాదు, ఎనిమిదేండ్ల పిల్లగాడు నీళ్ళు తాగుడు. మా ఇంట్ల మాత్రం పెద్ద ముచ్చట. వాడు గ్లాసు నోటి దాకా తెచ్చేసరికి చెయ్యి అటు ఇటు ఊగి సగం నీళ్ళు అంగీ మీదనే పోతయి, రెండేండ్ల నుంచి మూత బాటిల్‌తోనే తాగిపిస్తున్నరు.

ఏం చేసినవే అంటే, ఏం చెయ్యలే, దగ్గు ఆయాసం వస్తే ఊర్లె ఆర్‌ఎంపీ దగ్గరికి తీస్కపోయిన, ఐదు రోజులకు గోలీలు ఇచ్చిండు అన్నది. స్ట్రిప్ ఫోటో పెట్టమన్న. బెట్నిసాల్. అంటే బీటామెథసోన్, స్టెరాయిడ్. ఆ ఐదు రోజులు వాడు గోడ పట్టుకోకుండ వసారా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిండంట, మాట గుడ జర సాఫ్ అయిందంట. గోలీలు ఒడిసినయి, ఇంకో నాలుగు రోజులకు గ్లాసు మల్ల ఊగింది. అప్పుడు అక్క అడిగింది, "అవే గోలీలు రోజు వేస్తే అయిపాయె గదా తమ్మీ?"

ఈ ప్రశ్నకు జవాబు కోసం డాక్టర్లు ఇరవై ఏండ్ల నుంచి తండ్లాడుతున్నరు. నేను నల్గొండల ల్యాబ్ టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు, గాని మావాడి కోసం ఈ ట్రయల్స్ గురించి, అంటే కొత్త మందు పనిచేస్తదా లేదా అని పేషెంట్ల మీద చేసే పరీక్షల గురించి, దొరికిందల్ల చదువుకుంట వచ్చిన, చదివింది మనోళ్ళకు మన మాటల చెప్దామని రాస్తున్న.

జబ్బు పేరు ఎటాక్సియా టెలాంజియెక్టేసియా, నోరు తిరగదు కాబట్టి అందరు ఎ-టి అంటరు. నడకల, చేతులల్ల అదుపు లేక తూలుడు ఎటాక్సియా, సన్నటి రక్తనాళాలు ఉబ్బి కంటి తెల్లగుడ్డు మీద ఎర్రగ కనపడుడు టెలాంజియెక్టేసియా. నలభై వేల నుంచి లక్ష మంది పిల్లలల్ల ఒకరికి వస్తదని లెక్క చెప్తరు. ఈ పిల్లలు ఏడాది వయసుల మామూలుగనే నడక మొదలుపెడ్తరు, తప్పటడుగులు ఏ పిల్లలైనా వేస్తరు కదా, వీళ్ళకు ఆ తప్పటడుగులు పోవు, అంతే తేడా. తర్వాత మాట ముద్దగ వస్తది, చొంగ కారుతది, పక్కకు చూడాల్నంటే కన్ను తిరగక తలనే గభాల్న తిప్పుతరు, పదేండ్లు వచ్చేసరికి చాలామంది వీల్‌చైర్‌కు వస్తరు. ఒంట్ల రోగనిరోధక శక్తి గుడ తక్కువ ఉంటది, దగ్గు, నిమ్ము ఊకూకె వస్తయి. బ్లడ్ క్యాన్సర్, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) వచ్చే రిస్క్ మామూలు పిల్లల కంటే మస్తు ఎక్కువ.

మా దిక్కు ఇంకో కష్టం ఉన్నది. మర్రిగూడ, మునుగోడు, చండూరు పక్క ఊర్లల్ల పిల్లలకు నడక సక్కగ లేదంటే అందరి నోట్ల ఒకటే మాట, ఫ్లోరైడ్. తప్పు పట్టనీకి లేదు, వంకర కాళ్ళు, గుంజుకపోయిన కీళ్ళు, గారపట్టిన పండ్లు కండ్ల ముందట చూసుకుంట పెరిగిన ఊర్లు అవి, నల్లాలల్ల కృష్ణా నీళ్ళు రాకముందు బోరు నీళ్ళే తాగినం. గాని ఫ్లోరైడ్ ఎముకను, కీళ్ళను పట్టుకుంటది, మనిషి బిగుసుకపోతడు. ఎ-టి పిల్లగాని ఎముకలకు ఏం కాదు, కాళ్ళల్ల బలం గుడ ఉంటది, అదుపే ఉండది. మావాణ్ణి మూడేండ్ల దాకా ఫ్లోరైడ్ పిల్లగాడనే అన్నరు, చెరువుగట్టు అమాస మొక్కులు అయినయి, జాన్‌పహాడ్ దర్గాకు గుడ పోయొచ్చిన్రు. తర్వాత ఒక పెద్ద దవాఖానల సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలిక పాడైందని రాసిచ్చిన్రు, ఏడాదిన్నర ఫిజియోథెరపీ చేయించినం, రెండుసార్లు సీటీ స్కాన్ తీసిన్రు. ఆ సీటీల సంగతి నాకు ఇప్పటికీ కడుపుల మండుతది, ఎందుకంటే ఎ-టి పిల్లల ఒంటికి ఎక్స్‌రే, సీటీల రేడియేషన్ పడది, తప్పనిసరి అయితే తప్ప తియ్యొద్దు, ఎంఆర్ఐల అయితే రేడియేషన్ ఉండది.

ఇంకొకటి ఇంతకంటె ఎక్కువ బాధ పెడ్తది. ఎఎఫ్‌పీ అని ఒక రక్తపరీక్ష ఉన్నది, లివర్ క్యాన్సర్ అనుమానం ఉన్నోళ్ళకు, కడుపుతో ఉన్నోళ్ళకు చేస్తరు, మా ల్యాబ్‌ల నా చేతుల మీద నుంచే ఎన్నో శాంపిళ్ళు పోయినయి. రెండేండ్లు దాటిన ఎ-టి పిల్లలల్ల నూటికి 95 మందికి పైన ఈ ఎఎఫ్‌పీ ఎక్కువ ఉంటది. పుట్టిన పిల్లలల్ల ఎవరికైనా ఎక్కువే ఉంటది, తర్వాత తగ్గుతది, వీళ్ళకు తగ్గది. తూలే పిల్లగాడు, ఎర్ర కన్ను, ఎక్కువ ఎఎఫ్‌పీ, ఈ మూడు కలిస్తే ఎ-టి అనుమానం గట్టిగ పెట్టుకొని జీన్ టెస్టుకు పంపాలె. తూలుకుంట నడిచే పిల్లలు మీ ఇంట్ల ఉంటే ఈ పరీక్ష పేరు డాక్టర్‌ను అడగున్రి. హైదరాబాద్ల నిమ్స్ దవాఖాన, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సర్కారు సంస్థ, రెండు కలిపి కేంద్రప్రభుత్వం అరుదైన జబ్బుల సెంటర్‌గ పెట్టింది, జీన్ టెస్టుల సంగతి అక్కడ అడగొచ్చు.

ఇగ జబ్బు ఎందుకు వస్తది అంటే, ఎటీఎం అనే జీన్ పాడైతే. 1995ల ఇజ్రాయెల్‌ల యోసెఫ్ షైలో టీమ్ దీన్ని కనిపెట్టింది, 11వ క్రోమోజోమ్ మీద ఉంటది. కణంల డీఎన్ఏ తెగితే ముందుగాల తెల్సుకొని రిపేరుకు పిలిచేది ఈ జీన్ తయారుచేసే ప్రోటీనే. అందుకే అది లేనోళ్ళకు రేడియేషన్ పడది, క్యాన్సర్ భయం ఉంటది. చిన్నమెదడుల పర్కింజె కణాలని ఉంటయి, కదలికను అదుపుల పెట్టేటియి, అవే ముందుగాల చచ్చిపోతయి, అవే ఎందుకు అన్నదాని మీద సైంటిస్టులు ఇంకా ఒక మాట మీదికి రాలే.

మనందరికి ప్రతి జీన్ రెండు కాపీలు ఉంటయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. బత్తాయి తోటకు రెండు బోర్లు, రెండు మోటర్లు ఉన్నయనుకో, ఒక మోటర్ కాలినా రెండోదాంతోని తోట పచ్చగనే ఉంటది, కాలిందని బయటోళ్ళకు తెల్వనే తెల్వది. మా అక్క అట్ల, మా బావ అట్ల. ఇద్దరి దగ్గర కాలిన మోటరే పిల్లగాడికి వస్తే తోట ఎండుతది. అట్ల అయ్యే ఛాన్స్ ప్రతి కాన్పుకు నాలుగింట ఒకటి. మా అక్కను మేనబావకే ఇచ్చినం, మా దగ్గర మేనరికం తప్పని ఎవరు అనుకోరు, నేను గుడ అక్కను బావను ఒక్క మాట అన. గాని ఒకే తాత నుంచి కాలిన మోటర్ ఇద్దరికి వచ్చే ఛాన్స్ మేనరికంల పెరుగుతది, ఇది లెక్క, దీంట్ల ఎవరి పాపం లేదు. నాకు గుడ సంబంధాలు చూస్తున్నరు, నేను క్యారియర్, అంటే ఒక మోటర్ కాలినోణ్ణి, అయ్యే ఛాన్స్ సగానికి సగం, టెస్ట్ చేపించుకున్నంకనే ముందుకు పోత అని అమ్మకు చెప్పిన. క్యారియర్ ఆడోళ్ళకు రొమ్ము క్యాన్సర్ రిస్క్ కొంత ఎక్కువ, అందుకే అక్కను టైంకు చెకప్‌కు తీస్కపోతున్న.

ఇగ గోలీల ముచ్చటకు వద్దాం. బెట్నిసాల్ స్ట్రిప్ ఫోటో చూసి నేను ఉలిక్కిపడ్డ, ఎందుకంటే అచ్చం ఇదే కథ 2006ల ఇటలీ డాక్టర్లు రాసిన్రు. మూడేండ్ల ఎ-టి పిల్లగాడికి ఆయాసం దగ్గుకు బీటామెథసోన్ ఇస్తే నడక, అదుపు బాగైనట్టు కనపడ్డది, ఆపితే మల్ల మొదటికొచ్చింది. ఒక పిల్లగాని మీద చూసింది అది. మా అక్క వసారాల చూసింది, వాళ్ళు దవాఖానల చూసిన్రు, తేడా ఏందంటే వాళ్ళు అక్కడితో ఆగలే.

ఎందుకు ఆగొద్దు అన్నదే అసలు ముచ్చట. పిల్లలకు మంచి రోజులు, చెడ్డ రోజులు ఉంటయి. నిద్ర సరిపోని రోజు, జొరం వచ్చిన రోజు, బడిల అలసిన రోజు ఎక్కువ తూలుతరు. దగ్గు తగ్గి రాత్రి సక్కగ పండుకున్నా తెల్లారి చెయ్యి కొంచెం నిలబడ్తది, అది గోలీ వల్లనా నిద్ర వల్లనా ఎట్ల తెల్వాలె? పైగ చిన్న వయసుల, రెండు నుంచి ఐదేండ్ల మధ్యల, ఎ-టి పిల్లలు కొందరు బాగైతున్నట్టే కనపడ్తరు, ఎందుకంటే జబ్బు గుంజుడు ఒకవైపు, పిల్లగాడి ఎదుగుదల ఒకవైపు, ఆ వయసుల ఎదుగుదలదే పైచేయి. ఆ టైంల ఏ చెట్టు మందు వేసినా, ఏ తాయత్తు కట్టినా పనిచేసినట్టే ఉంటది. ఇగ తల్లి కన్ను ఉన్నది, తల్లి ఆశతోని చూస్తది, చూడాలె గుడ, గాని ఆ చూపుతోని మందు కొలవలేం.

అందుకే ఆ ఇటలీ డాక్టర్లు 13 మంది పిల్లలతోని ట్రయల్ పెట్టిన్రు, 2012ల రిజల్ట్ వచ్చింది. ప్రతి పిల్లగాడికి నెల రోజులు అసలు మందు, ఇంకో నెల అదే తీరు కనపడే ఉత్త మందు, దాన్నే ప్లాసిబో అంటరు. ఏ నెల ఏది తాగిండో తల్లికి తెల్వది, పిల్లగాడికి తెల్వది, నడక చూసి మార్కులేసే డాక్టర్‌కు గుడ తెల్వది. అంటే ప్రతి పిల్లగాడికి పోల్చనీకి వాడే జోడి. అరుదైన జబ్బుకు ఇంత మంచి ఉపాయం ఇంకోటి లేదని నాకు అనిపిస్తది, ఎందుకంటే 13 మందిని రెండు గుంపులు చేస్తే ఆరుగురు ఏడుగురే కదా, ఏం తేలది. మార్కులకు ఐకార్స్ అనే స్కేల్ వాడిన్రు, నూరు పాయింట్లది, ఎంత ఎక్కువ వస్తే జబ్బు అంత ఎక్కువ. నిలబడుడు నడుసుడుకు 34, కాళ్ళు చేతుల అదుపుకు 52, మాటకు 8, కంటి కదలికకు 6. వేలుతోని ముక్కు ముట్టు, మడమను మోకాలి మీద నుంచి కిందికి జార్చు, గుండ్రటి సుట్ట గియ్యి, ఇట్లాంటియి చేపిస్తరు. అసలు మందు నెలల స్కోరు 13 పాయింట్ల దాకా తగ్గింది. చిన్న ముచ్చట కాదు.

మరి రోజు వేస్తే అయిపాయె గదా అన్న అక్క మాట ఇక్కడనే ఆగిపోతది. స్టెరాయిడ్ నెలలకు నెలలు వాడితే మొఖం ఉబ్బుతది, బరువు పెరుగుతది, ఎముకలు గుల్లబారుతయి, షుగర్, బీపీ, ఎదుగుదల ఆగుడు. ఎ-టి పిల్లగాడికి నిరోధక శక్తి ముందే తక్కువ, స్టెరాయిడ్ దాన్ని ఇంకా అణగదొక్కుతది, ఒక్క నిమ్ముతోని ప్రాణం మీదికొస్తది. రోజుల తరబడి వాడి గభాల్న ఆపినా ప్రమాదమే, ఒంట్ల సొంతంగ తయారయ్యే హార్మోన్ అప్పటికే బంద్ పడి ఉంటది. మెడికల్ షాపుల చీటీ అడగకుండనే ఇస్తరు కాబట్టి ఈ మాట గట్టిగ చెప్తున్న, ఈ రాత చదివి ఎవరు బెట్నిసాల్ కొననీకి పోవద్దు.

మందు పనిచెయ్యాలె, సైడ్ ఎఫెక్ట్స్ రావొద్దు, ఎట్ల? దానికి ఇటలీల ఒక ఆలోచన చేసిన్రు, ఎరీడెక్స్ అని పేరు. పిల్లగాడి రక్తం 50 మిల్లీలీటర్ల దాకా తీసుకుంటరు. మిషన్ల ఎర్ర రక్తకణాలను ఉప్పు తక్కువ ఉన్న నీళ్ళల్ల పెడితే ఉబ్బి వాటికి సన్న సందులు పడ్తయి, ఆ సందులకెల్లి స్టెరాయిడ్ మందును లోపలికి పంపుతరు, మల్ల ఉప్పు సరిచేస్తే సందులు మూసుకుంటయి. ఆ రక్తం వాడికే తిరిగి ఎక్కిస్తరు. రక్తకణాలు ఒంట్ల తిరుక్కుంట వారాల తరబడి మందును కొంచెం కొంచెం వదుల్తయి. నెలకోసారి చేస్తే చాలు.

మొదటి ట్రయల్ 22 మంది మీద చేసిన్రు, 2014ల ప్రింట్ అయింది, ఆరు నెలల్ల స్కోరు నాలుగు పాయింట్లంత మెరుగైంది. అందరు సంతోషపడ్డరు. గాని ఆ ట్రయల్‌ల ప్లాసిబో లేదు, అందరికి అసలు మందే. ఫేజ్ 1, 2 లాంటి మొదటి ట్రయల్స్ అడిగే ప్రశ్న ఏందో ఇక్కడ తెల్సుకోవాలె. మందు ప్రమాదం లేకుండ పోతదా, డోసు ఎంత, రక్తం తీసి ఎక్కించుడు ఈ పిల్లలు ఓర్చుకుంటరా, అక్కడక్కడ ఆశ కనపడ్తదా, ఇంతవరకే. పనిచేస్తదా అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వనీకి వాటిని తయారు చెయ్యలే. పేపర్లల్ల, యూట్యూబ్‌ల మాత్రం మందు దొరికింది అని వస్తది, తల్లిదండ్రులు భూమి అమ్మి పోదామా అని లెక్కలేస్తరు.

తర్వాత పెద్ద ట్రయల్, 175 మంది, ఆరేండ్లు దాటినోళ్ళు, 12 దేశాలల్ల, మన ఇండియా గుడ అందుల ఉన్నది. తక్కువ డోసు, ఎక్కువ డోసు, ప్లాసిబో అని మూడు గుంపులు. ప్లాసిబో పిల్లలకు గుడ రక్తం తీసిన్రు, మిషన్ల తిప్పిన్రు, మందు లేకుండ మల్ల ఎక్కించిన్రు. వినంగనే పాపం అనిపిస్తది, నాకు గుడ అనిపించింది, గాని అట్ల చెయ్యకపోతే ఎవరికి ఏం ఎక్కిందో తల్లికి తెల్సిపోతది, ఆరు నెలల కష్టం మట్టిల పోతది. 2024ల రిజల్ట్ ప్రింట్ అయింది, మొత్తం పిల్లలను చూస్తే మందుకు, ప్లాసిబోకు గట్టి తేడా తేలలే.

ఇక్కడ జర నిదానంగ చదవున్రి. తేడా తేలలేదంటే మందు పనికిరాదని ఒక్కటే అర్థం కాదు. ఆరు నుంచి తొమ్మిదేండ్ల పిల్లలను విడిగ చూస్తే ఎక్కువ డోసుతోని మేలు ఉన్నట్టు కనపడ్డది. ఎందుకు అంటే స్కేల్ గురించి చెప్పిన కదా, వీల్‌చైర్‌కు వచ్చిన పద్నాలుగేండ్ల పిల్లకు నిలబడుడు నడుసుడుల పడాల్సిన పాయింట్లు దాదాపు అన్ని పడిపోయినయి, ఇంక పెరగనీకి జాగ లేదు, మందు జబ్బును ఆపినా ఆపకున్నా ఆ స్కేల్‌ల తేడా కనపడది. ఇంకా నడుస్తున్న చిన్న పిల్లలల్లనే జబ్బు జోరుగ పోతది, మందు దాన్ని ఆపితే అక్కడ కనపడ్తది. గాని దీనికి ఇంకో పక్క గుడ ఉన్నది, గుంపును ముక్కలు ముక్కలు చేసుకుంట పోతే ఏదో ఒక ముక్కల ఉత్తగనే మేలు కనపడ్తది, లాటరీల ఎవరికో ఒకరికి తగిలినట్టు. అందుకే నమ్మకుండ, కొట్టెయ్యకుండ, ఆ వయసు పిల్లల మీదనే కొత్త ట్రయల్ 2024ల మొదలుపెట్టిన్రు. అదే సరైన పద్ధతి.

ఇసుంటి దెబ్బ ఇంకో జబ్బుల గుడ తగిలింది. ఫ్రీడ్రిక్ ఎటాక్సియా అని, అది గుడ పిల్లలను తూలించేదే, వేరే జీన్. ఐడెబెనోన్ అనే మందు 48 మంది పిల్లల మీద వేస్తే 2007ల ఆశ కనపడ్డది, 2010ల 70 మంది మీద మల్ల చేస్తే తేడా రాలే, ప్లాసిబో తాగిన పిల్లలు గుడ కొంచెం మెరుగైన్రు! అంటే ఆశ, అలవాటు, శ్రద్ధ, ఇవి గుడ స్కోరును కదిలిస్తయి, పరీక్షను పదిసార్లు చేస్తే పిల్లగాడు ఆ పరీక్షే నేర్చుకుంటడు. అయినా ఆ జబ్బుకు 2023ల ఒమవెలాక్సోలోన్ అనే మందుకు అమెరికాల పర్మిషన్ వచ్చింది, 16 ఏండ్లు దాటినోళ్ళకు. ట్రయల్‌ల ఉన్నది నూరు మందే, గాని ఏ మందు లేకుండ ఈ జబ్బు ఏడాదికి ఎంత ముదురుతది అని డాక్టర్లు 2003 నుంచి వందల మందిని ఏటా కొలిచి రాసి పెట్టిన్రు, మందు వాడినోళ్ళను ఆ లెక్కలతోని పోల్చి చూసిన్రు, పర్మిషన్‌కు అది గుడ ఆసరా అయింది. మందు లేనప్పుడు గుడ వచ్చి పేరు రాపిచ్చుకొని, ఏటా నడిచి చూపిచ్చిన ఆ పిల్లల మేలు అది. అందుకే మనకు దగ్గర్ల ట్రయల్ లేకున్నా డాక్టర్ దగ్గర ఏటా కొలతలు రాపిచ్చుడు దండగ కాదని అక్కకు చెప్పిన.

ఒక్క పిల్ల కోసమే మందు తయారు చేసిన ముచ్చట గుడ ఉన్నది. బోస్టన్ల తిమోతి యు అనే డాక్టర్ టీమ్ 235 మంది ఎ-టి పేషెంట్ల జీన్ మొత్తం చదివి చూసింది, నూటికి తొమ్మిది మందికి జీన్ల ఉన్న తప్పు సరిచేసే తీరుది కావొచ్చు, ఇంకో ఆరుగురికి కొంత ఛాన్స్ ఉన్నది అని 2023ల రాసిన్రు. ఒక పిల్లకు ఆమె తప్పుకు సరిపోయే మందు తయారు చేసి, నడుముల సూదితోని మూడేండ్లు ఇచ్చిన్రు, పెద్ద ప్రమాదం రాలే. మావాడి జీన్ రిపోర్ట్ ప్లాస్టిక్ కవర్ల పెట్టి బీరువాల దాచినం ఇందుకే, తప్పు ఏ అక్షరం దగ్గర ఉన్నదో రాసున్న కాగితం అది, రేపు ఎవరన్న అడిగితే ముందుగాల అదే అడుగుతరు.

ట్రయల్ అంటేనే మనోళ్ళకు భయం. భయానికి కారణం ఉన్నది. 2009ల ఖమ్మం జిల్లాల స్కూలు ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండ వేసేది) వేసిన ప్రాజెక్టుల చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టిన్రు, 2010ల దాన్ని ఆపేసిన్రు. కొందరు పిల్లలు చనిపోయిన్రు, ఆ చావులకు టీకాతోని సంబంధం లేదనే విచారణల చెప్పిన్రు, గాని సంతకాల కాడ జరిగిన తప్పు తప్పే. ఇప్పుడు రూల్స్ గట్టిగైనయి. 2019 రూల్స్ ప్రకారం ట్రయల్‌కు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలె, సీటీఆర్ఐ అనే సర్కారు వెబ్‌సైట్‌ల ముందుగాలనే నమోదు చెయ్యాలె, ట్రయల్ వల్ల ఏమన్న అయితే వైద్యం ఫ్రీగ చెయ్యాలె, నష్టపరిహారం ఇయ్యాలె. ఎప్పుడు వద్దనుకున్నా బయటికి రావొచ్చు, మామూలు వైద్యం ఆపొద్దు. ఎవరన్న ట్రయల్ అని వస్తే ముందుగాల సీటీఆర్ఐ నంబర్ అడగున్రి. ట్రయల్ మందుకు పైసలు కట్టమంటే అక్కడనే ఆగున్రి.

ఇంకో రూల్ నాకు అన్నిటికంటె నచ్చింది, ఏడేండ్లు దాటిన పిల్లలను గుడ అడగాలె. తల్లిదండ్రుల సంతకం సరిపోదు, పిల్లగాడికి వాడికి అర్థమయ్యే మాటల చెప్పి ఒప్పించాలె. ఎ-టి పిల్లలకు మాట మెల్లగ వస్తది, మొఖంల భావం ఎన్కకెన్క కనపడ్తది, చూసినోళ్ళు వీనికి తెలివి లేదనుకుంటరు, అట్ల కాదు, మావాడు ఎక్కాలు పన్నెండు దాకా చెప్తడు, టైం ఇయ్యాలె అంతే.

దసరాకు పోయినప్పుడు అక్కకు ఇదంత చెప్పిన. ఆమె అడిగింది, "ట్రయల్‌కు పేరిచ్చినంక మనోడికి ఉత్త మందే వస్తే?" రావొచ్చు అక్కా, కొన్ని ట్రయల్స్‌ల సగం మందికి అదే వస్తది అన్న. శానా సేపు మాట్లాడలే. తర్వాత లేచి ఫోన్ తెచ్చి చూపిచ్చింది, ప్రతి ఆదివారం పొద్దున వాడు వసారాల నడిచేది, గ్లాసు పట్టుకునేది వీడియో తీస్తుందంట, ఒకే జాగల నిలబడి, గ్లాసుల నీళ్ళు ఒకే గీత దాకా పోసి, పోయిన ఉగాది నుంచి. ఎవరు చెప్పిన్రే అంటే ఎవరు చెప్పలే అన్నది. ఆ బెట్నిసాల్ వారం వీడియో గుడ ఉన్నది.

పిల్లగాడు పక్కనే చాప మీద కూసొని వింటున్నడు. మనమేం మాట్లాడుతున్నమో తెల్సా అని అడిగిన. తల గుంజి నా దిక్కు తిప్పి, మెల్లగ, ఒక్కొక్క మాట కూడబలుక్కుంట అడిగిండు, "రక్తం... తీసే రోజు... బడికి పోవుడు ఉంటదా మామా?"